మేనేజరమ్మ చెవి

ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. నాకు సర్జరీ మీద ఇష్టం పుట్టింది మాస్కు వల్ల.

అడిగినవాళ్ళకు వేరే వేరే జవాబులు చెప్పాను. కాలేజీలో అడిగితే మూగజీవాల సేవ అన్నాను. అమ్మ అడిగితే సర్జన్లకు మంచి పేరుంటుందన్నాను. రెండూ అబద్ధాలు కావు. కానీ మొదటిసారి ఆపరేషన్ థియేటర్లో నిలబడినరోజు, టోపీ కనుబొమలదాకా లాక్కుని మాస్కు కట్టుకున్నాక, నా మొహం ఎవరికీ కనబడటం లేదని తెలిసింది. పేషెంటు మత్తులో ఉంది. మిగిలినవాళ్ళందరూ పేషెంటునే చూస్తున్నారు. కొత్తవాళ్ళతో రెండు మాటలు మాట్లాడాలంటే అరచేతులు చెమటపట్టే మనిషిని నేను. ఇంత హాయైన చోటు ఇంకోటి ఉండదనుకున్నాను.

మా ఇంటర్న్‌షిప్ అయిపోయింది. మా తర్వాత ఈ పశువుల ఆస్పత్రికి వచ్చేవాళ్ళకోసం ఎవరైనా నాలుగు పేజీలు రాసిపెడితే బాగుంటుందని మా బ్యాచ్‌లో అందరూ అన్నారు; అందరూ నావైపే చూశారు. నేను డైరీ రాస్తానని వాళ్ళకు తెలుసు. వృత్తి అనుభవాలు రాయాలంటే తల నెరిసి ఉండాలి. నాకింకా పాతికేళ్ళు నిండలేదు. అయితే విద్యార్థిగా ఉండటం కూడా ఒక ఉద్యోగమే అనుకుంటే, అందులోంచి నేను రిటైరయ్యాను. ఆ ఉద్యోగం నిజంగా ఎలా ఉంటుందో చెబుతాను. మార్కులు, సర్టిఫికెట్ల సంగతి ఆఫీసులో ఎవరైనా చెబుతారు.

కోత తక్కువ, కడుగుడు ఎక్కువ

సర్జరీ అంటే కత్తి అనుకుని వస్తారు. కత్తి పట్టుకునేది కొద్దిసేపే. మిగిలిన రోజంతా వెంట్రుకలు గొరగడం, చేతులు రుద్దుకోవడం, పరికరాలు కడిగి ఆవిరిలో పెట్టడం, మత్తులోంచి లేచే కుక్క పక్కన కూర్చుని అది నాలుక లోపలికి తీసుకునేదాకా చూడటం. వెంట్రుకలు టీలో ఉంటాయి, టిఫిన్‌బాక్సులో ఉంటాయి. కొన్నాళ్ళకు తీసి పక్కన పెట్టి తాగడం అలవాటవుతుంది.

మా ఆస్పత్రి తెల్లాపూర్ వెళ్ళే దారిలో ఉంది. మా ఇల్లు లింగంపల్లి. స్టేషన్ దగ్గర షేర్ ఆటో ఎక్కి, ఒళ్ళో బ్యాగు పెట్టుకుని, బ్యాగు పట్టీకి దారం కట్టి ముడులు వేస్తూ వచ్చేదాన్ని. ఎడమచేత్తో ఒకటి, కుడిచేత్తో ఒకటి, చూడకుండా ఒకటి. బ్యాగులో సర్జరీ పుస్తకం కింద లైబ్రరీ నవల ఒకటి ఎప్పుడూ ఉండేది. ముడులు సరిగ్గా పడిన రోజు నన్ను నేను మెచ్చుకుని రెండు పేజీలు చదువుకునేదాన్ని.

ఇంట్లో కుట్లు అరటితొక్క మీద నేర్చుకున్నాను. తర్వాత పాత జీన్స్ ముక్క మీద. అమ్మ ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. నా జీన్స్ ముక్క దీపం దగ్గర పెట్టి చూసి, "గిట్ల కుడితే కస్టమర్లు మొహం మీద కొడ్తరు బిడ్డా" అంది.

"కుక్కలకు కస్టమర్ కేర్ ఉండదులే అమ్మా" అన్నాను. ఇంట్లో నేను బాగానే మాట్లాడతాను.

మన దగ్గరికి వచ్చేవాళ్ళు మూడు రకాలు. గేటెడ్ కమ్యూనిటీల వాళ్ళు లాబ్రడార్లను, బొమ్మల్లాంటి చిన్న కుక్కలను కారు వెనకసీట్లో తెస్తారు. ఇక్కడి పాత ఊళ్ళవాళ్ళు మేకలను, బర్రెలను ట్రాలీ ఆటోలో తెస్తారు. వాచ్‌మన్లు, హౌస్‌కీపింగ్‌వాళ్ళు వీధికుక్కలను గోనెపట్టా మీదో, చేతుల మీదో తెస్తారు. మొదటి రకంవాళ్ళు బెంచీ మీద కూర్చుని, లోపల తమ కుక్కకు ఆపరేషన్ అవుతుండగా ల్యాప్‌టాప్‌లో మీటింగ్ నడుపుతుంటారు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, కళ్ళు మాత్రం మన తలుపు మీద. "యామ్ ఐ ఆడిబుల్?" అని అడుగుతుంటారు మాటమాటకీ. మొదట్లో నవ్వొచ్చేది. ఈ ప్రాంతంలో అందరూ రోజంతా ఒకరినొకరు అడిగే ప్రశ్న అదే. తర్వాత అది నన్నే అడుగుతున్నట్టు ఉండేది.

"వినబడలేదు"

మా సర్జన్ రమాదేవి మేడం. భీమవరం వైపు మనిషి. అందరినీ అండి అంటారు, వాచ్‌మన్‌ను కూడా, మమ్మల్ని తప్ప. ఆమె థియేటర్లో ఒక పద్ధతి ఉంది. ఆమె ఏది చెబితే అది మనం తిరిగి పైకి చెప్పి, అప్పుడు చేయాలి. మనకు ఏది కనబడితే అది పైకి అనాలి. చిగుళ్ళు పాలిపోతే పాలిపోయాయని, ఊపిరి మెల్లగైతే మెల్లగైందని. తప్పైనా సరే, అనాలి.

మొదటి రోజు ఆమె అడిగారు: "ఊపిరి ఎలా ఉందమ్మా?"

చెప్పాను.

"వినబడలేదు."

మళ్ళీ చెప్పాను.

"ఊహూఁ. వినబడలేదు."

నా పక్కనున్న నరేష్ మాస్కులోంచే మొదలుపెట్టాడు. మా బ్యాచ్‌మేట్, కరీంనగర్. "మేడం, మాస్కు కదుల్తున్నట్టే ఉంది. సంధ్య మ్యూట్‌ల ఉన్నట్టుంది."

"నువ్వు మ్యూట్‌లోకి వెళ్ళు నాయనా కాసేపు" అన్నారు మేడం. తర్వాత నావైపు చూడకుండానే: "చూడమ్మా, నా కళ్ళు ఈ గాయంలో ఉంటాయి. పైకి ఎత్తలేను. దీని మొహం దగ్గర ఏం జరుగుతోందో నీ నోరు చెబితేనే నాకు తెలుస్తుంది. నీకు సిగ్గైతే దీనికి ప్రాణం మీదకొస్తుంది."

మాస్కు చాటున దాక్కోవచ్చని వచ్చినదాన్ని, మాస్కు కట్టుకుని అరవాల్సిన చోటికి వచ్చిపడ్డాను. ఆ సాయంత్రం షేర్ ఆటోలో ముడులు వేయలేదు. బయటికి చూస్తూ "ఊపిరి బాగుంది, ఊపిరి బాగుంది" అని అనుకుంటూ పోతుంటే పక్కనున్న పెద్దాయన, "ఏం బిడ్డా, పానం మంచిగ లేదా?" అని అడిగాడు.

మేడం గురించి నిజం కూడా రాయాలి. ఆమె చేతులంత నెమ్మదైన చేతులు నేను చూడలేదు. కానీ థియేటర్ బయట, ఓపీలో ఆమె వేరే మనిషి. లైను పెద్దది, ఫోన్లు మోగుతుంటాయి, ఒక్క చూపులో జబ్బు తేల్చేస్తారు. చాలాసార్లు అదే సరైనది అవుతుంది. అందుకే మధ్యలో ఎవరైనా మాట్లాడితే ఆమెకు చిరాకు. లోపల "తప్పైనా పైకి అను" అన్న మనిషే బయట "ఆగమ్మా" అంటారు. మీకూ అంటారు.

గేటు దగ్గరి మేనేజరమ్మ

ఒక మధ్యాహ్నం యాదమ్మ వచ్చింది. రాయదుర్గంలో ఒక ఆఫీసు టవర్లో హౌస్‌కీపింగ్ చేస్తుంది. నారాయణపేట వైపు నుంచి వచ్చిన మనిషి. యూనిఫాం మీద స్వెటర్ తొడుక్కుని, పాత దుప్పటిలో గోధుమరంగు కుక్కను ఎత్తుకుని ఆటో దిగింది. కుక్క తల ఆమె భుజం మీద వాలి ఉంది.

"పేరేంటండీ?" అన్నారు మేడం.

"నా పేరా, దాని పేరా?"

"దానిదే."

"మేనేజరమ్మ. మా గేటు కాడ కూసుంటది. ఎవరు లేటొచ్చినా ఒక తీరుగ సూస్తది. అందుకే సెక్యూరిటోళ్ళు ఆ పేరు పెట్టిండ్రు. పైన సార్లు బ్రౌనీ అంటరు. గా పేరుకు పలకదు."

లైనులో నిలబడ్డవాళ్ళు నవ్వారు. యాదమ్మ నవ్వలేదు. "జర సూడుండ్రి మేడం. ముద్ద ముడ్తలేదు. కక్కుతున్నది. నీళ్ళు మాత్రం బకెట్ల మూతి పెట్టిందంటే తియ్యది."

మేడం కళ్ళు కుక్క ఎడమచెవి మీద పడ్డాయి. చెవి కొనలో ఒక ముక్క లేదు. మీకు తెలిసిందే, వీధికుక్కలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసినప్పుడు, మళ్ళీ పట్టుకుని కోయకుండా గుర్తుగా చెవి కొంచెం కత్తిరిస్తారు. చెవి కోసి ఉందంటే గర్భసంచి తీసేసినట్టు.

"ఆపరేషన్ అయిపోయిన కుక్కేనా?"

"అయింది మేడం. నేను దీపావళికి చేరిన. అప్పటికే చెవి అట్లనే ఉంది. సెక్యూరిటీ సారు గూడ గదే చెప్పిండు."

"అయితే కిడ్నీలండీ. వయసు మీద పడింది. సెలైన్ పెడదాం, రెండు మూడు రోజులు చూద్దాం. ఆశ పెట్టుకోకండి."

యాదమ్మ మొహం చూశాను. అప్పుడామె ఒక మాట అంది, ఎవరితోనో కాదు, కుక్కతోనే: "నువ్వు లేకపోతే పొద్దుగాల నేనెట్ల పోవాల్నే?" తర్వాత నాకు చెప్పింది. ఆమె డ్యూటీ తెల్లవారకముందు మొదలవుతుంది. మెట్రో స్టేషన్ దగ్గర ఆటో దిగి, ఇంకా కడుతున్న రెండు టవర్ల మధ్య సందులోంచి నడవాలి. కుక్క రోజూ మెట్రో మెట్ల దగ్గరికి వచ్చి, ఆమెను ఆఫీసు గేటుదాకా తెచ్చి వదులుతుంది. అక్కడ మళ్ళీ తన ఉద్యోగంలో కూర్చుంటుంది.

నన్ను సెలైన్ పెట్టమన్నారు. ముందుకాలు గొరుగుతూ పొట్ట మీద చేయి వేశాను. గట్టిగా, బరువుగా ఉంది. నొక్కితే మూలిగింది. నీళ్ళు విపరీతంగా తాగడం, వాంతులు, పొట్ట ఉబ్బు. ఇవన్నీ కలిసి ఉండే జబ్బు ఒకటి పుస్తకంలో ఉంది: గర్భసంచిలో చీము పట్టడం. కానీ గర్భసంచే లేని కుక్కకు అది రాదు కదా.

పొట్ట మీద వెంట్రుకలు పాయలు తీసి చూశాను, ఆపరేషన్ గీత లేదు. ఒక్కోసారి పక్కటెముకల వెనక, డొక్కలో కోస్తారు. అక్కడ స్పిరిట్ పోసి తడిపి చర్మం చూశాను. రెండువైపులా లేదు. పాత మచ్చ వెంట్రుకల కింద తెల్లగా కనబడుతుంది, లేదా వేలికి తగులుతుంది. ఏమీ తగల్లేదు.

అప్పుడు చెవి చూశాను. మత్తులో ఉన్నప్పుడు పరికరంతో కోసిన చెవి అంచు తిన్నగా, నున్నగా ఉంటుంది. దీని అంచు వంకరటింకరగా ఉంది. కింద ఒక సన్నటి చీలిక కూడా ఉంది. అది కోసింది కాదు. ఇంకో కుక్క కొరికింది.

మ్యూట్

నాకు తెలిసింది. తెలియడం వేరు, నిండిన ఓపీలో మేడం దగ్గరికి వెళ్ళి, మీరన్నది తప్పు అనడం వేరు.

వెళ్ళాను. ఆమె ఒక లాబ్రడార్ చెవిలో చూస్తున్నారు. "మేడం" అన్నాను.

"ఆగమ్మా."

ఆగాను. లాబ్రడార్ యజమాని ఫోన్లో ఎవరినో తన మాట వినబడుతోందా అని అడుగుతున్నాడు. వెనక్కి చూశాను. యాదమ్మ నేల మీద కూర్చుని కుక్క తల ఒళ్ళో పెట్టుకుంది. కిడ్నీలైతే రెండు మూడు రోజులు సెలైన్‌తో చూడొచ్చు. గర్భసంచిలో చీము ఉంటే అన్ని రోజులు ఉండవు. లోపలే పగిలితే ఇక చేసేదేమీ లేదు.

"మేడం, దానికి ఆపరేషన్ కాలేదు" అన్నాను.

ఆమె తలెత్తలేదు. నరేష్ మాత్రం పక్కనుంచి, "ఏందే, ఏమన్నవ్?" అన్నాడు.

ఇక్కడ నేనేదో ధైర్యం తెచ్చుకున్నానని అనుకోకండి. ధైర్యం రాలేదు. నేను చేసింది చాలా చిన్న పని. జేబులో మాస్కు ఉంది. తీసి కట్టుకున్నాను. కట్టుకున్నాక, అది ఓపీ కాదు, థియేటర్ అనుకున్నాను. థియేటర్లో కనబడింది పైకి అనాలి.

"మేడం, పొట్ట మీద కుట్టు గీత లేదు! డొక్కలో లేదు! చెవి అంచు కొరికినట్టుంది, కోసినట్టు లేదు! పొట్ట గట్టిగా ఉంది! గర్భసంచి ఉంది మేడం!"

లైనంతా నావైపు తిరిగింది. బెంచీ మీద ల్యాప్‌టాప్‌తో కూర్చున్న ఒకతను ఇయర్‌ఫోన్ తీసేశాడు. లాబ్రడార్ కూడా చూసింది.

మేడం నన్ను ఒక్క క్షణం చూశారు. కోపమో కాదో నాకు తెలియలేదు. లాబ్రడార్‌ను నరేష్‌కు అప్పగించి, లేచి వచ్చి, మేనేజరమ్మ చెవి అంచు వేలితో తడిమారు. డొక్క తడిమారు. తర్వాత స్కాన్ గదివైపు చేయి చూపించారు.

స్కాన్‌లో నల్లటి గొట్టాలు కనబడ్డాయి, పక్కపక్కన, ఉబ్బి. అనుమానం అక్కర్లేదు.

"చెవి చూసి కుక్కను చూడలేదు నేను" అన్నారు మేడం తెర చూస్తూనే. అంతే. ఆ తర్వాత దాని గురించి మాట్లాడలేదు. చాలామంది పెద్దవాళ్ళు ఈ చోట మనల్నే తిడతారు. ఆమె థియేటర్ సిద్ధం చేయమన్నారు.

యాదమ్మకు ఆమే చెప్పారు: "యాదమ్మగారూ, కిడ్నీలు కాదండి. లోపల చీము పట్టిన సంచి ఉంది, తీసెయ్యాలి. నీరసంగా ఉంది కాబట్టి మత్తు తట్టుకోకపోవచ్చు. తియ్యకపోతే మాత్రం బతకదు."

"తియ్యుండ్రి" అంది యాదమ్మ. తర్వాత నా చేయి పట్టుకుంది. "నువ్వు గూడ లోపట ఉంటవా బిడ్డా? గట్లనే గట్టిగ ఒర్రు."

తొందరపడని చేతులు

ఇది మీకు పనికొచ్చే భాగం. చీము పట్టిన సంచి గోడ తడిసిన కాగితంలా ఉంటుంది. వేలి కొనతో లాగకూడదు. రెండు అరచేతులూ కిందికి పెట్టి, నిద్రపోయే పసిబిడ్డను తీసినట్టు పైకి తేవాలి. చుట్టూ తడిగుడ్డలు పరిచి ఉంచాలి, పొరపాటున కారినా పొట్టలో పడకుండా.

మేడం కోశారు. నేను పట్టుకున్నాను. నా రెండు చేతులకూ చాలనంత బరువుంది.

"ఏం కనబడుతోంది?"

"ఎడమవైపు గోడ పలుచగా ఉంది మేడం. ఒకచోట నీలంగా ఉంది."

"వినబడింది. అక్కడ చెయ్యి పెట్టకు."

"అక్కడ చెయ్యి పెట్టను."

రక్తనాళాల మీద మొదటి ముడి ఆమె వేశారు. రెండోవైపు దారం నాకిచ్చారు. నా వేళ్ళు ఆగిపోయాయి. షేర్ ఆటో గుర్తు తెచ్చుకున్నాను, బ్యాగు పట్టీ గుర్తు తెచ్చుకున్నాను. వేశాను. మేడం లాగి చూశారు. ఇంకోటి వేయమన్నారు. వేశాను.

సంచి పళ్ళెంలో పడ్డాక, తల దగ్గర నిలబడ్డ నరేష్ గొంతు మారింది. "మేడం, చిగుళ్ళు తెల్లగైతున్నయ్. ఊపిరి ఆగి ఆగి వస్తున్నది."

ఎంత జోకులు వేసేవాడైనా నరేష్ ఆ మాట సరిగ్గా, గట్టిగా చెప్పాడు. అందుకు వాడిని ఎప్పుడూ మెచ్చుకుంటాను. మేడం మత్తు తగ్గించమన్నారు, సెలైన్ పెంచమన్నారు, అతను రెండూ తిరిగి చెప్పి చేశాడు. మేమిద్దరం చేతులు కదపకుండా నిలుచున్నాం. గదిలో ఎవరూ మాట్లాడలేదు. నాకు ఎప్పుడూ ఇష్టమైన నిశ్శబ్దం అదే. ఆరోజు మాత్రం ఎవరైనా ఏదైనా అంటే బాగుండుననిపించింది.

"వస్తున్నది" అన్నాడు నరేష్. "ఎర్రగైతున్నయ్ మేడం."

చర్మం కుట్లు నన్ను వేయమన్నారు. వేశాను. అమ్మ చూస్తే కొన్ని పీకి మళ్ళీ వేయించేది.

చివరగా ఇంకో పని మిగిలింది. ఇప్పుడు నిజంగా ఆపరేషన్ అయింది కాబట్టి చెవి గుర్తు పెట్టాలి. ఎడమచెవి పాడైంది కాబట్టి కుడిచెవి. "నువ్వే కొయ్యమ్మా, తిన్నగా" అన్నారు మేడం. తిన్నగా కోశాను.

"పాపం, దీనికి ఇగ రెండు చెవులూ పోయినయ్" అన్నాడు నరేష్. "లేటొచ్చినోళ్ళను ఇంకా గుర్రుగ సూస్తది."

మిగిలిన మాటలు

మేనేజరమ్మ మా దగ్గర కొన్ని రోజులుంది. రెండోరోజు సాయంత్రం యాదమ్మ తెచ్చిన పెరుగన్నం సగం తిని, మిగతా సగం మీద కాలు పెట్టుకుని పడుకుంది. యాదమ్మ ఆ కాలును చూసి అప్పుడు నవ్వింది. "చూడు, దీని ఉద్యోగం దీనికి యాదికొచ్చింది" అంది. కుట్లు తీసినరోజు ఆటో ఎక్కించాం. ఎక్కాక మావైపు తిరిగి చూడలేదు. పేషెంట్లు అంతే, కృతజ్ఞత ఆశించకండి. నాకు అది బాగా నచ్చే విషయం కూడా.

అప్పటినుంచి మన ఓపీలో ఒక అలవాటు వచ్చింది. చెవి కోసిన ఆడకుక్క ఏ జబ్బుతో వచ్చినా, ఎవరో ఒకరు పొట్టా డొక్కా చూసి, గీత ఉందో లేదో మేడం వినేలా పైకి అనాలి. మేడమే పెట్టారు. కారణం మీకెవరూ చెప్పరు, అందుకే రాస్తున్నాను. రద్దీలో విసుగనిపించినా చేయండి.

నేనేమీ మారిపోలేదు. పెళ్ళిళ్ళకు వెళితే ఇప్పటికీ కుర్చీ వెతుక్కుని మూల కూర్చుంటాను. షేర్ ఆటోలో దిగాల్సిన చోటు ముందే చెప్పలేక అప్పుడప్పుడు ముందుకు పోయి వెనక్కి నడుస్తాను. గట్టిగా మాట్లాడేవాళ్ళే ఈ పనికి పనికొస్తారని అనుకోను. కాకపోతే చూసింది నోటిదాకా తేవడం కూడా చేతిపనే. ముడి వేయడంలాగే, రోజూ వేస్తుంటే వస్తుంది. సిగ్గరులు మీలో ఎవరైనా ఉంటే, జేబులో ఒక మాస్కు పెట్టుకోండి.

నా ఆఖరిరోజు మేడం ఆపరేషన్‌కు సిద్ధమవుతున్నారు. కుళాయి నిండుగా తిప్పి, మోచేతులదాకా నురగతో చేతులు రుద్దుకుంటున్నారు. వీపు నావైపు ఉంది. లోపల ఎవరో పరికరాలు పళ్ళెంలో పెడుతున్న చప్పుడు. చేతులు కడుక్కునే మనిషిని ముట్టుకోకూడదు, కాళ్ళకు మొక్కే వీలూ లేదు. గుమ్మం దగ్గర నిలబడి, "వెళ్ళొస్తాను మేడం" అన్నాను. ఆ కుళాయి మోతలో నాకే సరిగ్గా తెలియలేదు, పైకి అన్నానో లోపలే అనుకున్నానో.

ఆమె వెనక్కి తిరగలేదు. చేతులు రుద్దుకోవడం ఆపలేదు.

"వినబడిందమ్మా" అన్నారు. "వెళ్ళిరా."